చిలుకకు ఎండ: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

"సరైన తిండి తినే చిలుకకు, రోజూ కాసేపు, అద్దం అడ్డులేని ఎండను, పక్కన నీడ ఉంచి, తగలనివ్వాలి."

చిలుకను పెంచుకునేవాళ్ళకు పక్షుల వైద్యం తెలిసినవారు చెప్పే సలహానంతా ఒక్క వాక్యంలో కూరిస్తే ఇలా ఉంటుంది. చూడ్డానికి చిన్న వాక్యమే. కానీ ఇందులో ఏ మాట జారవిడిచినా అర్థం చెడిపోతుంది. 'ఎండ' ఒక్కటే పట్టుకుని మిగతావి వదిలేసినవాళ్ళు మే నెలలో పంజరాన్ని డాబా మీద పెట్టి పక్షిని పోగొట్టుకుంటారు. 'అద్దం అడ్డులేని' అన్న విశేషణం వదిలేసినవాళ్ళు ఏళ్ళ తరబడి పంజరాన్ని మూసిన కిటికీ పక్కన ఉంచి, మా చిలుకకు ఎండకేం లోటు అనుకుంటారు. ప్రేమ లేక జరిగే పొరపాట్లు కావివి. అందుకే మాట మాట దగ్గరా ఆగి చెప్పుకోవాలనిపించింది. పాత వ్యాఖ్యాతలు అన్వయం కుదరడానికి పదాలను అటూ ఇటూ జరుపుకున్నట్టే నేనూ ముందు అసలు మాటను తీసుకుని, విశేషణాలను తర్వాత కలుపుకుంటాను.

ఎండను

ఎండ అనగానే మనకు తెలిసేవి వెలుగూ వేడీ. విటమిన్ డి పుట్టడానికి అవి రెండూ సరిపోవు. దాన్ని మొదలుపెట్టేది కంటికి ఆనని అతినీలలోహిత కాంతి. అందులోనూ అంతా కాదు. 315 నుంచి 400 నానోమీటర్ల దాకా ఉన్న భాగాన్ని యూవీ-ఎ అనీ, 280 నుంచి 315 దాకా ఉన్నదాన్ని యూవీ-బి అనీ అంటారు. మనకు కావలసింది రెండోది. 290 కంటే పొట్టి తరంగాలను ఓజోన్ పొర దాదాపుగా ఆపేస్తుంది కాబట్టి నేలదాకా దిగివచ్చే యూవీ-బి చాలా సన్నని పట్టీ. చిలుక ఎముక గట్టిదనం, గుడ్డు పెంకు, కండరాల కదలిక ఆ సన్నని పట్టీతో ముడిపడి ఉన్నాయి.

ఒంట్లో కొలెస్టరాల్ తయారయ్యే దారిలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం పుడుతుంది. చర్మంలో ఉన్న ఈ పదార్థానికి యూవీ-బి తగిలితే దాని అణువులోని ఒక వలయం తెరుచుకుని ప్రీవిటమిన్ డి3 అవుతుంది. ఆ తర్వాతి మార్పుకు కాంతి అక్కర్లేదు, ఒంటి వేడి చాలు. చిలుక ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్, మనకంటే ఎక్కువే. ఆ వేడికి ప్రీవిటమిన్ మెల్లగా విటమిన్ డి3గా మారి రక్తంలోకి చేరుతుంది. అక్కడితో కథ అయిపోదు. కాలేయం దాన్ని ఒకసారి మార్చి 25-హైడ్రాక్సీ విటమిన్ డిగా చేస్తుంది. రక్తపరీక్షలో విటమిన్ డి ఎంత ఉందని కొలిచేది సాధారణంగా ఈ రూపాన్నే. మూత్రపిండం దాన్ని ఇంకోసారి మార్చి కాల్సిట్రయాల్ అనే హార్మోనుగా చేస్తుంది. తిండిలోని కాల్షియాన్ని లోపలికి తీసుకునేలా పేగును సిద్ధం చేసేది ఈ చివరి రూపం. అంటే ఎండ నేరుగా ఎముకను కట్టదు. తిన్న తిండిలోని కాల్షియం ఒంటికి దక్కే దారి తెరుస్తుంది. ఆ తిండిలో కాల్షియమే లేకపోతే తెరిచిన దారిన వచ్చేదేముంది? 'సరైన తిండి తినే' అన్న మాట వాక్యంలో అన్నిటికంటే ముందు ఉండటానికి కారణం ఇదే. దాని దగ్గరకు చివర్లో వస్తాను.

ఈ సంగతులు మనుషులకు తెలిసింది చిలుకల వల్ల కాదు, జబ్బుపడ్డ పిల్లల వల్లా కోళ్ళ వల్లా. 1919లో బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే వైద్యుడు రికెట్స్‌తో ఎముకలు వంకరపోయిన పిల్లలకు పాదరస దీపం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి పట్టించి, ఎముకలు కోలుకోవడాన్ని ఎక్స్‌రేల్లో చూపించాడు. 1920ల మొదట్లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హార్ట్, హాల్పిన్, స్టీన్‌బాక్ అనే పరిశోధకులు నాలుగు గోడల మధ్య పెరిగే కోడిపిల్లలకు కాళ్ళు ఎందుకు పడిపోతున్నాయో వెతికారు. ఎండ తగలనిచ్చినా, కాడ్ చేప కాలేయపు నూనె పెట్టినా ఆ జబ్బు తగ్గింది. 1930లలో పక్షులకే ప్రత్యేకమైన ఇంకో విషయం తేలింది. శిలీంధ్రాల నుంచి వచ్చే డి2 అనే రూపం ఎలుకలకు పనిచేసినంతగా కోళ్ళకు పనిచెయ్యదు. పక్షుల రక్తంలో విటమిన్ డిని మోసుకుపోయే ప్రోటీను డి2ను గట్టిగా పట్టుకోదు, అందుకని అది త్వరగా ఒంట్లోంచి వెళ్ళిపోతుంది. పక్షికి కావలసింది డి3. పుట్టగొడుగులను ఎండబెడితే విటమిన్ డి పెరుగుతుందని చదివి చిలుకకు పెట్టబోయేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి. అందులో పెరిగేది డి2.

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందువరుసలో ఉన్నాయి. ఫారం కోడికి ఎండ తగిలేది తక్కువే. అయినా దాని గుడ్డు పెంకు గట్టిగా వస్తోందంటే దాణాలో డి3ని, కాల్షియాన్ని లెక్క ప్రకారం కలపడం వల్లే. ఇంట్లో చిలుకకు అంత లెక్కగా తిండి అమర్చేవాళ్ళు తక్కువ. ఎండా లేక, లెక్కా లేక, రెండు వైపులా లోటు పడేది ఈ ఇంటి పక్షికే.

తగలనివ్వాలి

తగలాలి సరే, ఎక్కడ తగలాలి? చిలుక ఒళ్ళంతా ఈకలే కదా.

దీనికి పెంపకందార్లలో బాగా పాతుకుపోయిన సమాధానం ఒకటుంది. తోక మొదట్లో, వీపు వైపు, చిన్న నూనెగ్రంథి ఉంటుంది. చిలుక ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు రాసుకుంటుంది. ఎండలో ఆ నూనెలోని పదార్థం విటమిన్ డి అవుతుంది. మళ్ళీ ఈకలు సవరించుకునేటప్పుడు పక్షి దాన్ని మింగుతుంది. వినడానికి ఎంతో పొందికగా ఉన్న వివరణ. 1920ల చివర చైనాలో హెచ్. సి. హౌ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు కోళ్ళకు ఈ గ్రంథిని తీసేసి చూసి, గ్రంథికీ రికెట్స్‌కీ సంబంధం ఉందని రాశాడు. కానీ తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. చిలుకల జాతినే చూసినా ఈ వివరణకు పెద్ద చిక్కు వచ్చిపడుతుంది. అమెజాన్ చిలుకలకూ, పయోనస్ చిలుకలకూ, నీలిరంగు హయసింత్ మకావ్‌కూ ఈ గ్రంథే ఉండదు. అయినా అవి తమ అడవుల్లో లక్షణంగా బతుకుతున్నాయి, గట్టి పెంకున్న గుడ్లు పెడుతున్నాయి.

కోళ్ళ మీద తర్వాత జరిగిన పరిశోధన వేరే చోటును చూపించింది. ఈకలు కప్పిన వీపు చర్మంలో కంటే ఈకలు లేని కాళ్ళ చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. ఎండ నేరుగా పడే చోటే ముడిసరుకు పోగై ఉండటం సహజంగా తోస్తుంది. చిలుకకు కూడా ఈకల్లేని చోట్లు ఉన్నాయి: కాళ్ళు, పాదాలు, కళ్ళ చుట్టూ ఉండే వలయం. గ్రే చిలుకకు కంటి చుట్టూ తెల్లని చర్మం విశాలంగా కనిపిస్తుంది, మకావ్‌కైతే చెంపంతా బోసిగా ఉంటుంది. నూనెగ్రంథి ఉన్న జాతుల్లో అదీ కొంత సాయపడుతుందేమో. దాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ ప్రధానమైన చోటు చర్మమేనని నా నమ్మకం. అందువల్ల నీళ్ళు చల్లితే నూనె పోయి విటమిన్ తగ్గుతుందని చిలుక స్నానం మాన్పించాల్సిన పని లేదు. స్నానం చేసి ఎండలో రెక్కలు చాచుకుని ఆరబెట్టుకోవడం చిలుకకు ఎంతో ఇష్టమైన పని.

ఒక ఆచరణ విషయం. పంజరం పైకప్పు రేకుతో మూసి ఉంటే, కాళ్ళ మీదకీ ముఖం మీదకీ ఎండ పడదు. పైన కనీసం సగం భాగం ఊచలు మాత్రమే ఉండాలి. కూర్చునే కర్ర కూడా ఎండ పడే వైపు ఒకటి ఉండాలి.

చిలుకకు

ముందు చట్టం సంగతి. మన ఊళ్ళలో మామిడితోటల మీద వాలే ఆకుపచ్చ రామచిలుకను, మెడలో గులాబీ పట్టీ ఉన్నదాన్ని, పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. జాతర దగ్గర కొన్నా, ఎవరో బహుమతిగా ఇచ్చినా అంతే. దానికి ఎండ ఎలా తగలాలో అదే చూసుకుంటుంది, దాన్ని దాని ఆకాశంలో వదిలేయడమే మనం చెయ్యగలిగిన సాయం. కాబట్టి ఈ వాక్యంలో చిలుక అంటే వేరే దేశాల నుంచి వచ్చి ఇక్కడ పంజరాల్లో పుట్టి పెరుగుతున్నవి: మనవాళ్ళు లవ్‌బర్డ్స్ అని పిలిచే బడ్జీలు, కాకటీల్‌లు, అసలు లవ్‌బర్డ్‌లు, కొన్యూర్‌లు, మకావ్‌లు, ఆఫ్రికన్ గ్రే చిలుకలు. వీటిలో వన్యజీవుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం జాబితాల్లో ఉన్న జాతులను కేంద్ర ప్రభుత్వ నమోదు నియమాల ప్రకారం నమోదు చేయించుకోవాలి. గ్రే చిలుకను ఆ ఒప్పందం 2016 సమావేశంలో అత్యంత కట్టుదిట్టమైన మొదటి జాబితాలోకి చేర్చారు.

ఎండ లోటు అన్ని చిలుకలకూ ఒకేలా కనబడదు. అందరికంటే ముందు దెబ్బ తినేది గ్రే చిలుక. ఇది పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో భూమధ్యరేఖను ఆనుకుని ఉన్న అడవుల పక్షి. ఏడాది పొడుగునా సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉండే చోటు. అలాంటి పక్షిని పొద్దుతిరుగుడు గింజలతో, గదిలో పెంచితే రక్తంలో కాల్షియం పడిపోతుంది. మొదట కాళ్ళు వణుకుతాయి, కర్ర మీద పట్టు తప్పుతుంది. ఒకరోజు ఉన్నట్టుండి కిందపడి కొట్టుకుంటుంది. చూసేవాళ్ళకు మూర్ఛలాగే ఉంటుంది. వైద్యులను చాలాకాలం తికమకపెట్టిన విషయం ఏమిటంటే, పెద్ద గ్రే చిలుకకు ఇలా జరిగినా ఎక్స్‌రేలో ఎముకలు మామూలుగానే కనిపించవచ్చు. రక్తంలో కాల్షియం పడిపోతే ఎముకలోంచి తీసి సర్దుకోవడం మిగతా పక్షులకు సాధ్యమైనంతగా దీనికి సాధ్యపడదు. అందుకని గ్రే చిలుకకు ఎముకలు బాగున్నాయి కదా అని ధైర్యపడకూడదు. గూటిలో ఉన్న గ్రే పిల్లలకు మాత్రం లోటు ఎముకల్లోనే కనబడుతుంది, కాళ్ళు వంగిపోతాయి.

బ్రిటన్‌లో మైకేల్ స్టాన్‌ఫర్డ్ అనే పక్షి వైద్యుడు ఇలాంటి గ్రే చిలుకల మీద యూవీ-బి దీపాలతో పరిశోధన చేసి 2006లో ప్రచురించాడు. దీపం వెలుగులో ఉన్న గ్రే చిలుకల రక్తంలో విటమిన్ డి, కాల్షియం రెండూ మెరుగుపడ్డాయి. దక్షిణ అమెరికాకు చెందిన పయోనస్ చిలుకల్లో అంత మార్పు రాలేదు. ఒక జాతికి నిజమైనది ఇంకో జాతికి అంతే నిజం కానక్కర్లేదని ఈ పరిశోధన వల్ల తెలిసింది. పెంపకందార్లు ఒకరికొకరు చెప్పుకునే సలహాల్లో ఈ తేడా కనిపించకుండా పోతుంటుంది.

బడ్జీలూ కాకటీల్‌లూ ఆస్ట్రేలియా లోపలి మెట్టప్రాంతాల్లో ఆరుబయట తిరిగే పక్షులు. వీటిలో లోటు ఎక్కువగా బయటపడేది గుడ్లు పెట్టే ఆడపక్షుల్లో. గుడ్డు పెట్టబోయే ముందు ఆడపక్షి తన పొడుగు ఎముకల లోపల కాల్షియాన్ని ప్రత్యేకంగా పోగుచేసుకుంటుంది, పెంకు కట్టేటప్పుడు అందులోంచి తీస్తుంది. నిల్వ లేకపోతే పెంకు మెత్తబడుతుంది. గుడ్డును బయటికి నెట్టే కండరాలకు కూడా కాల్షియమే బలం కాబట్టి గుడ్డు అడ్డుపడుతుంది. తోక ఆడిస్తూ, ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చున్న బడ్జీని చూస్తే ఆ పూటే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. మర్నాటిదాకా ఆగితే చేతికి దక్కకపోవచ్చు.

అద్దం అడ్డులేని

ఈ వాక్యంలో జనం ఎక్కువగా వదిలేసే విశేషణం ఇదే. మామూలు కిటికీ అద్దం వెలుగును వదులుతుంది, వేడిని వదులుతుంది, యూవీ-ఎను కొంత వదులుతుంది. యూవీ-బిని మాత్రం దాదాపు మొత్తం ఆపేస్తుంది. కిటికీ పక్కన వెచ్చగా, వెలుగులో కూర్చున్న చిలుకకు ఎండ ఇచ్చే ఇబ్బంది అంతా ఉంటుంది, విటమిన్ డి పుట్టించే భాగం ఉండదు. బాల్కనీకి బిగించే పాలికార్బొనేట్ షీట్లూ అంతే. కొత్త అపార్ట్‌మెంట్లలో బాల్కనీని స్లైడింగ్ అద్దాలతో మూసి అదనపు గదిలా వాడుకుంటున్నారు, పంజరం ఆ మూలకు చేరుతోంది. పావురాలు రాకుండా కట్టే నైలాన్ వల వల్ల పెద్ద నష్టం లేదు, సందుల్లోంచి ఎండ వస్తుంది. దోమల జాలీ కొంత తగ్గిస్తుంది, అయినా అద్దంతో పోలిస్తే ఎంతో నయం. కాబట్టి చెయ్యాల్సింది ఖరీదైన పని కాదు. అద్దం జరిపి తెరవాలి, అంతే.

చిలుక కన్ను గురించి ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా దాటలేను. మన కంటికి మూడు రకాల రంగు గ్రాహకాలు ఉంటే చిలుకకు నాలుగున్నాయి. యూవీ-ఎ దానికి కనపడే రంగే. బడ్జీ నెత్తి మీది పసుపు ఈకలు అతినీలలోహిత కాంతిని పీల్చుకుని మెరుస్తాయని, జోడీని ఎంచుకోవడంలో ఆ మెరుపుకు పాత్ర ఉందని 2002లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. ట్యూబులైటు గదిలో ఉన్న చిలుక రంగులు కొన్ని తగ్గిన లోకాన్ని చూస్తోందని దీనర్థం. విటమిన్ డితో దీనికి నేరుగా సంబంధం లేకపోయినా, బయటి వెలుగు కోసం నా పట్టుదలకు ఇదీ ఒక కారణం.

బయటి ఎండ నిజంగా దొరకనివారికి యూవీ-బి దీపాలున్నాయి. లండన్‌లో డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి దాదాపు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, న్యూజెర్సీలో 26 డిగ్రీలు. అక్కడి తెలుగువారి ఇళ్ళల్లో చిలుకకు శీతాకాలమంతా దీపమే దిక్కు. కొనేటప్పుడు పెట్టె మీద 'ఫుల్ స్పెక్ట్రమ్' అని ఉంటే చాలదు, యూవీ-బి ఎంత ఇస్తుందో రాసి ఉండాలి. ఇళ్ళల్లో వాడే మామూలు ఎల్‌ఈడీ బల్బులో యూవీ-బి ఉండదు. దీపాన్ని పక్క నుంచి కాకుండా పైనుంచి పెట్టాలి, లేకపోతే కళ్ళు దెబ్బతింటాయి. తయారీదారు చెప్పిన దూరం పాటించాలి. వెలుగు మామూలుగానే కనిపిస్తున్నా నెలలు గడిచేకొద్దీ యూవీ-బి తగ్గిపోతుంది కాబట్టి చెప్పిన గడువుకు మార్చాలి. తెలుగునేల మీద, బాల్కనీ ఉన్న ఇంట్లో, దీపం కొనమని నేను ఎవరికీ చెప్పను.

రోజూ కాసేపు

కాసేపు అంటే ఎంతసేపు అన్నదానికంటే ఎప్పుడు అన్నది ముఖ్యం. లేత ఎండలో విటమిన్ డి ఎక్కువని మన ఇళ్ళల్లో అందరూ అంటారు. లేత ఎండ హాయిగా ఉంటుంది, నిజమే. కానీ సూర్యుడు దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు కిరణాలు గాలిలో చాలా దూరం ఏటవాలుగా ప్రయాణించాలి, ఆ దారిలో యూవీ-బిలో ఎక్కువభాగం ఓజోన్‌కూ గాలికీ పోతుంది. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తుకు చేరినప్పుడు నిలబడ్డ మనిషి నీడ సరిగ్గా మనిషి పొడవే ఉంటుంది. నీడ మనకంటే పొట్టిగా ఉన్నప్పుడు యూవీ-బి పుష్కలం. నీడ మనకంటే రెండింతలు సాగినప్పుడు దొరికేది కొద్దిగానే. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు, బాల్కనీలో నిలబడి కిందికి చూస్తే చాలు.

హైదరాబాదు 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏడాదిలో రెండుసార్లు, మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలువు వస్తువుకు నీడే పడదు. డిసెంబరు 21న, ఏడాదిలో సూర్యుడు అతి తక్కువ ఎత్తు ఎక్కే రోజున కూడా, మధ్యాహ్నం 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. విశాఖలో దాదాపు అంతే. తిరుపతిలో ఇంకా ఎక్కువ, 53. అంటే మన నేల మీద ఆకాశం తేటగా ఉంటే యూవీ-బి బాగా అందని కాలమంటూ ఏడాదిలో లేనే లేదు. లెక్క వేసి చూస్తే హైదరాబాదులో నీడ మనిషి పొడవుకు తగ్గే వేళ మే నెలలో పొద్దున తొమ్మిదికే వస్తుంది, డిసెంబరు చివర్లో మాత్రం పదకొండుకు కాస్త ముందు మొదలై ఒకటిన్నరకల్లా దాటిపోతుంది. కాబట్టి చలికాలంలో పదకొండు గంటల ఎండ, ఎండాకాలంలో ఎనిమిదిన్నరకూ తొమ్మిదిన్నరకూ మధ్య ఎండ. వేసవిలో ఈ వేళ కాస్త ముందుకు జరిపినా ఫరవాలేదు, వేడి ప్రమాదం కంటే కొంచెం తక్కువ యూవీ-బి మేలు. ఇవి గ్రంథాల్లో రాసిపెట్టిన ముహూర్తాలు కావు, ఊరిని బట్టీ మబ్బును బట్టీ మారతాయి. నీడ కొలుచుకోవడం నేర్చుకుంటే చాలు.

సమయం పావుగంట నుంచి అరగంట. రోజూ కుదరకపోతే వారంలో కొన్ని రోజులైనా సరే. ఒకరోజు మూడు గంటలు కూర్చోబెట్టి వారమంతా మర్చిపోవడం కంటే ఇది మేలు. ఎండ మరీ ఎక్కువసేపు తగిలితే విటమిన్ ఎక్కువై విషమవుతుందేమోనన్న భయం అక్కర్లేదు. చర్మంలో ప్రీవిటమిన్ ఒక మట్టానికి చేరాక, అదే కాంతి దాన్ని లుమిస్టెరాల్, టాకిస్టెరాల్ అనే పనికిరాని రూపాలుగా మార్చేస్తుంది. ఒంటికి పట్టేంతే తయారయ్యే ఈ ఏర్పాటు నోటి ద్వారా ఇచ్చే మందులో లేదు.

పక్కన నీడ ఉంచి

విటమిన్ ఎక్కువ కాదు గాని వేడి ఎక్కువవుతుంది. చిలుకకు చెమట పట్టదు. వేడెక్కితే నోరు తెరిచి రొప్పుతుంది, రెక్కలను ఒంటికి దూరంగా పట్టుకుంటుంది, ఈకలను ఒంటికి బిగించి సన్నగా కనిపిస్తుంది. అడవిలో అయితే ఆకుల చాటుకు ఎగిరిపోయేది. పంజరంలో ఎక్కడికి పోతుంది? అందుకని పంజరంలో సగం మీద మందపాటి గుడ్డ కప్పి నీడ చెయ్యాలి, ఎటు కూర్చోవాలో చిలుకే తేల్చుకుంటుంది. నీళ్ళ గిన్నె నీడ వైపు ఉండాలి. రొప్పడం మొదలైతే వెంటనే లోపలికి తేవాలి.

నీడలో కూర్చుంటే లాభం పోతుందేమోనని సందేహం వస్తుంది. పోదు. యూవీ-బి లాంటి పొట్టి తరంగాలను గాలి బాగా చెదరగొడుతుంది కాబట్టి ఆకాశమంతటి నుంచీ అది మన మీదకు వస్తుంది. చెట్టు కిందో గుడ్డ కిందో ఉన్నా, పక్కల నుంచి ఆకాశం విశాలంగా కనిపిస్తుంటే, చిలుకకు చెప్పుకోదగ్గ వాటా అందుతుంది. రాజమండ్రి, రామగుండం లాంటి ఊళ్ళలో మే నెలంతా ఇలా నీడపట్టున ఉంచడమే సరైనది.

నీడతో పాటు కాపలా కూడా ఈ మాటలోనే కలుపుకోవాలి. గద్దలు, కాకులు, పిల్లులు, కొన్ని పేటల్లో కోతులు. పంజరం తలుపుకు గడియతో పాటు చిన్న తాళం. రెక్కలు కత్తిరించాం కదా, ఎగరదులే అని చేతి మీదో భుజం మీదో కూర్చోబెట్టుకుని డాబా ఎక్కవద్దు. గాలి లేస్తే కత్తిరించిన రెక్కలతో కూడా చాలా దూరం పోతుంది, తిరిగి రావడం చేతకాదు.

సరైన తిండి తినే

ఇది వాక్యంలో మొదటి మాట, ఆచరణలో అన్నిటికంటే కష్టమైన మాట. పొద్దుతిరుగుడు గింజల్లో కాల్షియం కంటే ఫాస్ఫరస్ ఎనిమిది రెట్లు ఎక్కువ. కొర్రలదీ దాదాపు అదే తీరు. కావలసింది దీనికి సరిగ్గా ఎదురు: ఫాస్ఫరస్ కంటే కాల్షియమే ఎక్కువ ఉండాలి. ఫాస్ఫరస్ అంత పైచేయిగా ఉంటే ఉన్న కొద్దిపాటి కాల్షియం కూడా సరిగా ఒంటబట్టదు. గింజల్లో డి3 లేదు, విటమిన్ ఎ కూడా దాదాపు లేనట్టే. పైగా నూనెగింజల మీదే పెరిగిన చిలుకల కాలేయం కొవ్వు పడుతుంది. విటమిన్ డిని మొదటిసారి మార్చే అవయవం కాలేయమేనని పైన చెప్పుకున్నాం.

మన వంటింట్లో దీనికి మందు ఉంది. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైనే, ధాన్యాల్లో దానికి సాటి లేదు. మొలకెత్తిన రాగులు బడ్జీలు ఇష్టంగా తింటాయి. మునగాకు ఇంకా మంచిది, కొమ్మతో సహా పంజరానికి కట్టేస్తే తినడంతో పాటు ఆటగా కూడా ఉంటుంది. పాలకూరలోనూ తోటకూరలోనూ కాల్షియం కనిపిస్తుంది గాని వాటిలోని ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచేస్తాయి, అప్పుడప్పుడు సరే, రోజూ వాటినే నమ్ముకోకూడదు. గుడ్లు పెట్టే పక్షులకు పంజరంలో కటిల్‌బోన్ ముక్క ఎప్పుడూ వేలాడుతుండాలి. చిలుకల కోసం తయారుచేసిన పెల్లెట్లలో డి3, కాల్షియం ముందే కలిపి ఉంటాయి.

పెల్లెట్లు తినే చిలుకకు మళ్ళీ విటమిన్ చుక్కలు వెయ్యడం ప్రమాదం. డి3 నోటి ద్వారా ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాల్లో సున్నంలా పేరుకుంటుంది. మకావ్‌లు ఈ విషయంలో మరీ సున్నితం. ఇంట్లో మనం వారానికొకటి వేసుకునే 60 వేల యూనిట్ల విటమిన్ డి పొడిని 'కొంచెం చిటికెడు' నీళ్ళలో కలిపి ఇద్దామన్న ఆలోచనే రానివ్వకండి. గ్రే చిలుక బరువు అరకిలోకు అటూ ఇటూ, బడ్జీ బరువు 30, 40 గ్రాములు. ఆ చిటికెడు దానికి ఎన్ని రెట్లో ఊహించుకోండి. లోటు ఉందని అనుమానం వస్తే డాక్టరు రక్తంలో అయనైజ్డ్ కాల్షియం, 25-హైడ్రాక్సీ విటమిన్ డి చూసి మోతాదు చెబుతారు. ఫిట్స్ వచ్చిన పక్షికైతే కాల్షియం ఇంజెక్షనే ముందు కావాలి, ఎండా తిండీ ఆ తర్వాత.

గింజలకు అలవాటుపడిన చిలుక కొత్త తిండిని తిండిగానే గుర్తించదు. ఒక్కరోజులో గింజలు తీసేస్తే పస్తులుంటుంది, చిన్న పక్షి ఆ పస్తుకు తట్టుకోలేదు. వారాల తరబడి కొంచెం కొంచెంగా మార్చాలి. మార్చినన్నాళ్ళూ రోజూ పొద్దున ఒకే వేళకు వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి రాసుకోవాలి. బరువు పదో వంతు తగ్గేదాకా వెళ్ళనివ్వకుండా, తగ్గుతోందని తెలియగానే పాత గింజలు మళ్ళీ కొన్ని వేసి, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. ఎండకు మాత్రం ఈ ఆలస్యం అక్కర్లేదు. తిండి మారుతున్న రోజుల్లోనే బాల్కనీ అలవాటు చెయ్యవచ్చు. మొదటి రోజు అయిదు నిమిషాలు, మీరు పక్కనే కూర్చుని.